పేదవాడి నడక దూరంలో వైద్యం: కలకత్తా చెప్పే చరిత్ర

1992 జూలై 8, రాత్రి ఏడుముప్పావు. దక్షిణ 24 పరగణాల జిల్లా మథురాపూర్ స్టేషన్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి కింద పడ్డాడు. తలకు బలమైన దెబ్బ, లోపల రక్తస్రావం. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అంత దెబ్బకు వైద్యం చేసే సాధనాలు అక్కడ లేవు. డైమండ్ హార్బర్ ఆసుపత్రికో మరో సర్కారు ఆసుపత్రికో తీసుకుపొమ్మని డాక్టరు రాసిచ్చాడు.

రాత్రి పదకొండుముప్పావుకు కలకత్తాలో సియాల్దా స్టేషన్ దగ్గరి ఎన్.ఆర్.ఎస్. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరారు. తలకు ఎక్స్‌రేలు తీశారు, వెంటనే చేర్చుకోవాలని రాశారు, కానీ మంచం ఖాళీ లేదన్నారు. పన్నెండూ ఇరవైకి కలకత్తా మెడికల్ కాలేజీకి వెళితే అక్కడా మంచం లేదు. ఒంటిగంటకు శంభునాథ్ పండిట్ ఆసుపత్రికి వెళితే ఆ విభాగమే లేదన్నారు. రెండు గంటలకు నేషనల్ మెడికల్ కాలేజీలో మళ్ళీ మంచం లేదు. తెల్లవారి ఎనిమిదికి బంగూర్ న్యూరాలజీ సంస్థకు వెళ్ళారు. 1,310 రూపాయలు పెట్టి ప్రైవేటులో తీయించిన సి.టి. స్కాన్ చూసి, ఇది అత్యవసర కేసు, ఇక్కడ కాదన్నారు. పదింటికి ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రిలో న్యూరోసర్జరీ సౌకర్యం లేదన్నారు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి జూలై 22 దాకా ఉన్నాడు. బతికి బయటపడ్డాడు. ఖర్చు సుమారు 17,000 రూపాయలు. ఆ రోజుల్లో ఒక కూలీకి అంత మొత్తం కూడాలంటే ఎన్ని నాట్లు వేయాలో, ఎన్ని కోతలు కోయాలో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఈ గంటలూ నిమిషాలూ మేము కల్పించినవి కావు. సుప్రీంకోర్టు తీర్పులో నమోదైనవి. హకీం షేక్ సభ్యుడుగా ఉన్న పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, అంటే వ్యవసాయ కూలీల సంఘం, నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 మే 6న న్యాయమూర్తులు ఎస్.సి. అగర్వాల్, జి.టి. నానావతి తీర్పు ఇచ్చారు. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని చెప్పారు. 25,000 రూపాయల పరిహారం ఇప్పించారు.

న్యాయశాస్త్రం చదివినవారందరికీ ఈ కేసు తెలుసు. అయితే పాఠ్యపుస్తకాలు దీన్ని 'అత్యవసర వైద్యం' అనే శీర్షిక కింద పెట్టి ముందుకు పోతాయి. మేము తీర్పును చాలాసార్లు చదివాం. కోర్టు రాసిన ఆదేశాల వరుస చూడండి. మొదటిది పెద్ద ఆసుపత్రుల గురించి కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రోగికి తొలి చికిత్స చేసి, అతని పరిస్థితి నిలదొక్కుకునేలా చేసే సౌకర్యాలు ఉండాలన్నది మొదటి ఆదేశం. ఆ తరువాతే జిల్లా, సబ్ డివిజన్ ఆసుపత్రుల స్థాయి పెంచడం, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో ఒకేచోట తెలిసే ఏర్పాటు, అంబులెన్సు వచ్చాయి. హకీం షేక్ తిరిగిన ఏడు సర్కారు గడపల్లో మొదటిది ఖాళీగా ఉంది కాబట్టే మిగతా ఆరూ ఎక్కవలసి వచ్చిందని న్యాయమూర్తులకు అర్థమైంది. మన వైద్య విధానాలు రాసేవారికి ఆ సంగతి ఇంకా అర్థం కాలేదని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట. ఆ 21వ అధికరణం ఉన్న రాజ్యాంగాన్ని రాసిన సభలోకి బాబాసాహెబ్ 1946లో అడుగుపెట్టింది బెంగాల్ నుంచే. బొంబాయిలో దారులు మూసుకుపోయినప్పుడు జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరులు ఇక్కడి శాసనసభ నుంచి గెలిపించి పంపారు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధుల్లో ఒకటని 47వ అధికరణం చెబుతుంది. అది ఆదేశిక సూత్రం, దాన్ని అమలు చేయమని కోర్టుకు వెళ్ళడానికి వీల్లేదు. బెంగాల్ కూలీల సంఘమే 21వ అధికరణం పట్టుకుని ఆ తలుపు తెరిచింది.

మాలో కొందరం ఇప్పుడు కలకత్తా తూర్పు అంచున ఉన్న న్యూ టౌన్‌లో ఉంటున్నాం. పిల్లల ఉద్యోగాలు కొందరిని, సేవా పనులు కొందరిని ఇక్కడికి తెచ్చాయి. హైటెక్ సిటీ చూసినవాళ్ళకు న్యూ టౌన్ కొత్తగా ఏమీ అనిపించదు. వెడల్పాటి రోడ్లు, అద్దాల ఆఫీసులు, గేటు కట్టిన అపార్ట్‌మెంట్లు. ముప్పై ఏళ్ళ క్రితం ఇదంతా రాజార్‌హాట్ ప్రాంతపు వరిపొలాలు, చేపల చెరువులు. వామపక్ష ప్రభుత్వం ఇక్కడ కొత్త నగరం తలపెట్టి రైతుల భూమి సేకరించింది. 1999లో హిడ్‌కో అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. భూమి పోయినవారిలో చాలామంది మన బహుజన కులాలవారు, ముస్లిం సన్నకారు రైతులు. నగరం వచ్చింది గానీ ఊళ్ళు పోలేదు. పాథర్‌ఘాటా, మహిష్‌బథాన్, ఠాక్‌దారీ లాంటి పల్లెలు అపార్ట్‌మెంట్ల నడుమ ఇరుక్కుని ఇప్పటికీ ఉన్నాయి. పొలం పోయిన ఇంటి ఆడవాళ్ళు అదే పొలంలో లేచిన భవనంలో గిన్నెలు తోముతున్నారు. సుందర్‌బన్స్, ముర్షిదాబాద్, మాల్దా నుంచి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉంటూ తరువాతి భవనం కడుతున్నారు.

ఇదే న్యూ టౌన్‌లో రెండు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. టాటా మెడికల్ సెంటర్ 2011లో మొదలైంది. చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ రెండో ప్రాంగణం 2022 జనవరిలో ప్రారంభమైంది. 460 పడకలు, 530 కోట్ల పైచిలుకు ఖర్చు. ఈ రెండింటి మీదా మాకు ఏ ఫిర్యాదూ లేదు. అవి కావాలి, ఇంకా కావాలి. మా ప్రశ్న వేరు. రొమ్ములో చిన్న గడ్డ తగిలిన పనిమనిషి, పుగాకు నమిలి నోట్లో తెల్లమచ్చ పడిన తాపీ కూలీ, ఆ ఆసుపత్రి గోడ పక్కనుంచే రోజూ నడిచిపోతారు. లోపలికి పోరు. పోవాలంటే ముందు ఎవరో చూసి 'ఇది అనుమానంగా ఉంది, వెళ్ళు' అని చెప్పాలి. ఆ చెప్పేవారు ఎక్కడ ఉండాలి?

వాళ్ళ ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉండాలి. వాళ్ళు పని ముగించుకుని వచ్చే వేళకు తలుపు తెరిచి ఉండాలి.

ఈ రెండో మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. సర్కారు అవుట్‌పేషెంటు చీటీలు ఉదయం పూట ఇస్తారు. మూడు నాలుగు ఇళ్ళలో పనిచేసే స్త్రీకి ఉదయమే పని. ఒక పూట మానితే ఒక ఇంటి యజమానురాలు ఊరుకుంటుంది, రెండో పూట మానితే వేరే మనిషిని పెట్టుకుంటుంది. బి.పి. మాత్రలకు నెలకోసారి ఒక పూట, షుగరు పరీక్షకు ఇంకో పూట, ఆ ఫలితం చూపించడానికి మరో పూట. వైద్యం ఉచితమే, పోయే కూలి మాత్రం ఉచితం కాదు. అందుకే ఆమె మందుల షాపుకు పోయి, లక్షణం చెప్పి, రెండు మాత్రలు కొనుక్కుని పోతుంది. దీన్ని అజ్ఞానమని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. ఆమె లెక్క ఆమెకు బాగానే తెలుసు.

పరిపాలన గీతలు ఇంకో చిక్కు. కలకత్తా కార్పొరేషన్ వార్డుల్లో ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. న్యూ టౌన్ ఆ కార్పొరేషన్‌లో భాగం కాదు. ప్రణాళిక ప్రకారం కట్టిన భాగాన్ని 2007 నాటి చట్టం కింద వచ్చిన అభివృద్ధి సంస్థ చూస్తుంది. మధ్యలో చిక్కుకున్న పల్లెలు కొన్ని గ్రామ పంచాయతీల కింద ఉన్నాయి. రోడ్డుకు ఇటువైపు ఒక ప్రభుత్వం, అటువైపు మరొకటి. ఇక్కడ పుట్టక, ఇక్కడ ఓటు లేక, షెడ్డులో ఉండే కూలీ ఎవరి లెక్కలోకి వస్తాడు?

బీమా కార్డు ఉంది కదా అంటారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇక్కడ 2016 చివర్లో స్వాస్థ్య సాథి వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, కార్డు ఇంటి ఇల్లాలి పేర. మంచి పథకం. దానివల్ల ఆపరేషన్లు జరిగి బతికినవాళ్ళను మేము చూశాం. కానీ ఈ బీమాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికే. రోజూ వేసుకునే బి.పి. మాత్రకు, దగ్గు తగ్గక చేయించుకునే పరీక్షకు కార్డు పనికిరాదు. పేద కుటుంబం వైద్యానికి చేతి నుంచి పెట్టే డబ్బులో పెద్ద వాటా మందులకే పోతుందని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. బి.పి. మాత్ర మానేస్తే కార్డు పనికిరాదు, ఆ తరువాత పక్షవాతం వస్తే పనికొస్తుంది. ఇంత విడ్డూరమైన లెక్క మరొకటి ఉంటుందా?

పేదవాడి దగ్గరికే వైద్యం పోవాలన్న ఆలోచన కొత్తది కాదు. ఈ నేలకు ఆ చరిత్ర ఉంది. 1932లో కలకత్తాలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఏర్పడింది. 1939లో అది రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో హుగ్లీ జిల్లా సింగూరులో ఒక ఆరోగ్య కేంద్రం నడపడం మొదలుపెట్టింది. ఇటీవలి కాలంలో కార్ల ఫ్యాక్టరీ గొడవతో పేరుమోసిన సింగూరు అదే. తల్లులు, పసిపిల్లలు, మలేరియా, తాగునీరు, మరుగుదొడ్డి అన్నీ ఒకే కేంద్రం పని అన్నది అక్కడి పద్ధతి. 1943లో బెంగాల్ ఆకలితో చస్తున్న ఏడాదే భోర్ కమిటీ ఏర్పడింది. 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే మొత్తం వ్యవస్థకు పునాది కావాలని అందులో ఉంది. 1952 నుంచి ఆ కేంద్రాలు రావడం మొదలైంది. ఆ వరుసలో వచ్చినదే మథురాపూర్ కేంద్రం కూడా. అంటే నివేదిక రాసిన 46 ఏళ్ళకు ఆ పునాది ఎలా ఉందో హకీం షేక్ తల చెప్పింది.

అదే సంవత్సరాల్లో, 1942 నుంచి 1946 దాకా, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ బాబాసాహెబ్ చేతిలో ఉంది. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది. దాని ఫలితమే 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం. అంతకు ముందే, 1928లో, బొంబాయి శాసనమండలిలో స్త్రీ కార్మికుల ప్రసూతి బిల్లును ఆయన సమర్థించారు. ఆ ఇ.ఎస్.ఐ. నేటికీ లక్షల కుటుంబాలకు ఆసరా. అయితే ఇళ్ళలో పనిచేసే స్త్రీ ఆ గీతకు బయటే ఉంది. ఒక ఇల్లు ఫ్యాక్టరీ కాదు కదా అంటుంది చట్టం.

ప్రభుత్వం చేయని చోట కార్మికులే చేసుకున్న ఉదాహరణలూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని దల్లీ రాజహరాలో ఇనుప గనుల కార్మిక సంఘం నాయకురాలు కుసుమ్ బాయి ప్రసవంలో సరైన వైద్యం అందక చనిపోయింది. మన ఆసుపత్రి మనమే కట్టుకుందామని శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని ఆ సంఘం నిర్ణయించింది. మొదట ఒక చిన్న డిస్పెన్సరీ, తరువాత కార్మికుల చందాలు, శ్రమదానంతో 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి. 1977 నాటి పోలీసు కాల్పుల్లో చనిపోయినవారి పేరున కట్టారు. కలకత్తా నుంచి యువ డాక్టర్లు అక్కడికి పోయి పనిచేశారు. వారిలో ఒకరైన డా. పుణ్యబ్రత గుణ్ తిరిగి వచ్చాక, 1995లో హౌరా జిల్లా చెంగైల్‌లో శ్రామిక కృషక మైత్రీ స్వాస్థ్య కేంద్రం మొదలైంది. కనోరియా జూట్ మిల్లు కార్మికుల పోరాటం అప్పటికింకా వేడి తగ్గలేదు. తక్కువ ఫీజు, అవసరమైన మందు మాత్రమే, అదీ కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో, స్థానిక యువతకే శిక్షణ అన్నది అక్కడి పద్ధతి. హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన తెలుగువాళ్ళ వంశాలు ఇప్పటికీ ఈ లైన్లలో ఉన్నాయి. మన తెలుగునాట నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డా. రామచంద్రారెడ్డి నిలబెట్టిన ప్రజావైద్యశాల ఇదే కోవది. హైదరాబాదు బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. అవి ప్రభుత్వమే పెట్టినవి, కాబట్టి మన లెక్కలో ఇంకా విలువైనవి. చందాతో నడిచేది ఎంత గొప్పదైనా హక్కు కాదు.

అమెరికా నల్లజాతి ప్రజల అనుభవం కూడా మనం తెలుసుకోదగ్గది. దక్షిణాఫ్రికా పొలేలాలో సిడ్నీ, ఎమిలీ కార్క్ దంపతులు 1940లో మొదలుపెట్టిన ఆరోగ్య కేంద్రంలో పని నేర్చుకున్న జాక్ గైగర్ అనే డాక్టరు, 1960లలో మిసిసిపీ రాష్ట్రం మౌండ్ బయూలో అలాంటిదే పెట్టాడు. బానిసత్వం నుంచి బయటపడినవారు 1887లో కట్టుకున్న ఊరు అది. ఆకలితో జబ్బుపడిన పిల్లలకు అక్కడి డాక్టర్లు మందు చీటీ మీద ఆహారం రాసిచ్చారు. కిరాణా కొట్టు బిల్లును కేంద్రం మందుల ఖాతాలో వేశారు. పైవాళ్ళు అభ్యంతరం చెబితే, ఆకలి జబ్బుకు మందు అన్నమే అని జవాబిచ్చారు. బావులు తవ్వించారు, సహకార వ్యవసాయం పెట్టించారు. తరువాత వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వ సాయం పొందే ఇలాంటి కేంద్రం పాలకమండలిలో కనీసం 51 శాతం మంది అక్కడ వైద్యం పొందే రోగులే ఉండాలి. చట్టం చదివినవాళ్ళుగా మాకు బాగా నచ్చిన నిబంధన ఇది. మనకూ రోగి కల్యాణ సమితులు ఉన్నాయి. వాటిలో అధికారులు, నాయకులు కూర్చుంటారు. రోగి బయట వరండాలో కూర్చుంటాడు.

దగ్గరి కేంద్రం ప్రాణాలు కాపాడుతుందా, లేక ఇదంతా మన భావోద్వేగమా అని అడిగేవారికి ఒక లెక్క. 1998లో ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు అక్కడి మురికివాడల్లో లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిది, పూసి, తెల్లబడిందేమో కంటితో చూడటమే పరీక్ష. చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడపిల్లలు. పన్నెండేళ్ళ తరువాత చూస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పోలిక కోసం పరీక్ష చేయకుండా వదిలిన రెండో సగంలోని స్త్రీల మాటేమిటన్న విమర్శ గట్టిగానే వచ్చింది. అది న్యాయమైన విమర్శేనని మేము అనుకుంటాం. మురికివాడ స్త్రీ అయితేనే అలా వదిలిపెట్టడం సాధ్యమైంది. అయినా ఫలితం ఫలితమే. న్యూ టౌన్‌లోని పడకలు ఎన్ని పెంచినా, ఈ పని చేసే ఆడపిల్ల ఠాక్‌దారీ సందులో లేకపోతే, రోగి అక్కడికి చేరేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాదని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఎత్తి రాసిన కాఠియావాడ్ ఉపాధ్యాయుడి ఉత్తరం గుర్తు చేసుకోండి. 1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాలింతకు జబ్బు చేస్తే డాక్టరు అంటరానివారి వాడలోకి రానన్నాడు. రెండు రోజుల పసికందుతో ఆమెనే బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరును ఒక ముస్లిం చేతికి ఇచ్చాడు, అతడు భర్తకు, భర్త భార్యకు. దీపం వెలుతురులో దూరం నుంచి అంకె చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె చనిపోయింది. అక్కడ డాక్టరు దూరం నాలుగడుగులు. ఇప్పుడు థర్మామీటరు చేతులు మారదు. కానీ పేరు, యాస, చీర చూసి మాట మారిపోవడం, రోగిని ముట్టకుండానే చీటీ రాసివ్వడం మేము చూస్తూనే ఉన్నాం. ఆ వాడ మనిషే అక్కడి ఆరోగ్య కార్యకర్త కావాలని మేము పట్టుబట్టేది ఇందుకే.

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్ఖువును తథాగతుడు చూశాడు. ఆనందుడితో నీళ్ళు తెప్పించి, ఇద్దరూ కలిసి కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఇతణ్ణి ఎందుకు చూడలేదని తరువాత సంఘాన్ని అడిగితే, ఇతనివల్ల తమకు ఏ ఉపయోగమూ లేదు కాబట్టి చూడలేదన్న అర్థంలో జవాబు వచ్చింది. ఆ జవాబు మీద బుద్ధుడు సంఘానికి నియమమే పెట్టాడు: గురువో శిష్యుడో ఉంటే వారు, ఎవరూ లేకపోతే సంఘమంతా రోగిని చూసుకోవాలి, చూడకపోతే అది దోషం. మేము దీన్ని కరుణ కథగా కాక నియమంగా చదువుతాం. అలాగే మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుని రెండో శాసనం ఉంది. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేయడం, ఔషధ మొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు తవ్వించడం అందులో ఉన్నాయి. రోగిని మందు దగ్గరికి నడిపించలేదు, మందునే రోగి దగ్గరికి పంపాడు.

ఇక చేయవలసిన పని. న్యూ టౌన్‌లో ఉన్న ధమ్మ మిత్రులు, మన రాష్ట్రాల్లో ఉన్నవారు, మీ దగ్గరి ఆరోగ్య కేంద్రం గురించి పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. డాక్టరు పోస్టులు ఎన్ని, ఎన్ని నెలలుగా ఖాళీ, బి.పి., షుగరు మందులు గత ఆరు నెలల్లో ఎన్ని రోజులు లేవు; గర్భాశయ ముఖద్వార, నోటి, రొమ్ము క్యాన్సర్ పరీక్షలు ఎంతమందికి చేశారు; అనుమానం ఉన్నవారిని ఎక్కడికి పంపారు, వారు చేరారో లేదో ఎవరు చూశారు; రోగి కల్యాణ సమితిలో రోగులు ఎందరు. జవాబు వచ్చాక 1996 మే 6 నాటి తీర్పు మొదటి ఆదేశాన్ని జతచేసి పంచాయతీకి, అభివృద్ధి సంస్థకు, జిల్లా ఆరోగ్య అధికారికి ఒకే వినతిపత్రం ఇవ్వండి. అందులో ఒక కోరిక తప్పకుండా రాయండి: వారానికి కనీసం మూడు రోజులు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కేంద్రం తలుపు తెరిచి ఉంచాలని.